హెస్టర్ ఉదాహరణలు

హెస్టర్ గార్సైడ్ తన భర్తను అమ్మేసింది. డబ్బుకు కూడా కాదు. అది రుజువైన విషయం, అందులో తర్కించడానికి ఏమీ లేదు. అతని చొక్కాలకు గుండీలు కుట్టింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది, అతన్ని అమ్మేసింది. ఆ ఏప్రిల్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. విల్‌ఫ్రెడ్ గార్సైడ్ ఏడ్చాడు. అది మోసపోయిన మనిషి ఏడుపు. ఆ సంగతి అతనికి నవంబరులో గాని తెలియలేదు.

తెలిసిన రోజు శనివారం. పొద్దున్నే లండన్‌లో కర్నల్ స్టానర్డ్ గదికి పిలుపొచ్చింది. ఆ భవనం బోర్డు మీద ఉన్ని ఎగుమతిదారుల సంఘం అని ఉంటుంది. ఉన్ని గురించి లోపల ఎవరికీ ఏమీ తెలియదు. సీక్రెట్ సర్వీస్‌కు అంతకంటే మంచి తలుపు దొరకలేదు.

గ్యాస్ పొయ్యి దగ్గర తడిసిన గొడుగు పట్టుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ముఖం కోపంతో ఎర్రబడి ఉంది.

“ఈయన డాక్టర్ పెంగెల్లీ,” అన్నాడు కర్నల్. “ఆల్డ్‌మెర్ నిఘంటువుకు ప్రధాన సంపాదకుడు. మీ ఆవిడ పనిచేసింది ఈయన దగ్గరే.”

“తెలుసు. అంత్యక్రియలకు వచ్చారు.”

“నా నిఘంటువులో ఎవరో అబద్ధాలు రాస్తున్నారు నాయనా,” అన్నాడు పెంగెల్లీ. “పోలీసులకు చెబితే నవ్వారు. ఈయన నవ్వలేదు.”

ఆల్డ్‌మెర్ నిఘంటువు ప్రతి శనివారం పత్రిక చివరి పేజీలో ఒక విన్నపం వేస్తుంది. ఫలానా మాటకు ఫలానా అర్థంలో మాకు దొరికిన అతి పాత వాక్యం ఇది, ఇంతకంటే పాతది మీకు తెలిస్తే పంపండి అని. పల్లెటూరి పాస్టర్లు, రిటైరైన మిలిటరీ డాక్టర్లు, పెళ్ళికాని టీచరమ్మలు పాత పుస్తకాలు తిరగేసి పోస్టుకార్డులు రాస్తారు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఇంగ్లండులో సగం దేశానికి అదే కాలక్షేపం.

నిఘంటువు ఇంట్లో ఒక్కటే కట్టుబాటు. ఉదాహరణ కల్పించకూడదు. ఎవరో ఎప్పుడో నిజంగా రాసిన వాక్యమే వెయ్యాలి. దొంగతనం చేసినవాణ్ణి పెంగెల్లీ క్షమించగలడు. వాక్యం కల్పించినవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వడు.

“ఏ మాట?” అడిగాడు గార్సైడ్.

“ఇంకేముంది, సెట్. సూర్యుడు కుంకితే సెట్. భోజనాల బల్ల సర్దితే సెట్. విరిగిన ఎముక కట్టినా, గడియారం సరిచేసినా, జెల్లీ గట్టిపడినా, ఉంగరంలో రాయి పొదిగినా, ఉచ్చు పన్నినా, కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టినా అదే క్రియ. అర్థాలు నూటయాభై దాటాయి. మీ ఆవిడ దానితో ఏళ్ళ తరబడి కాపురం చేసింది.”

“నాతో కంటే ఎక్కువ.”

“అలా అనకు. గొప్ప మనిషి.” పెంగెల్లీ జేబులోంచి ఆ రోజు పేపరు తీశాడు. “ఇది చూడు. వేటకుక్క పిట్టను పసిగట్టి, నేలకు అణిగి, యజమానికి చూపిస్తుంది కదా, దానికీ సెట్ అనే అంటాం. ఆ అర్థం కింద ఈ వాక్యం వేశారు. ‘ఆదివారం వేకువన హార్విచ్ రేవు మెట్ల వద్ద ముసలి కుక్క బూడిదరంగు కౌజుపిట్టను చూపింది.’ ఎవరో భూస్వామి డైరీలోదట. అలాంటి డైరీ లేదు. రేవులో కౌజుపిట్టలేమిటి నాయనా? అసలు ఆదివారం పూట వేటకెళ్ళిన ఇంగ్లీషు భూస్వామిని నేను ఎరగను. వాక్యం కల్పించినవాడికి ఈ దేశం తెలియదు.”

గార్సైడ్ నవ్వలేదు. రేపు ఆదివారం. హార్విచ్‌లో హాలండ్ పడవ దిగబోయేది చెక్ దేశపు రాడార్ ఇంజనీరు హ్రూబీ. అతని ఓవర్‌కోటు బూడిదరంగు. వియన్నాలో దాన్ని కొనిచ్చింది గార్సైడే. రేవులో నీకోసం నేనే నిలబడి ఉంటాను అని చేతిలో చెయ్యి వేసి చెప్పాడు.

“మా కోడ్ రూమ్ వాళ్ళు విప్పారు,” అన్నాడు కర్నల్. “అర్థమే ఆర్డరు. వాక్యంలో చోటు, వేళ ఉంటాయి. కోడి అంటే కదలకుండా ఉండండి. ఎముక అంటే వైర్‌లెస్ పాడైంది, బాగుచెయ్యండి. ఉచ్చు అంటే మనిషిని పట్టుకోండి. సూర్యుడు అంటే దేశం వదిలి పారిపోండి. కుక్క అంటే మేము చూపిస్తాం, మీరు ఎత్తుకుపోండి. ఇంకే మాటైనా నాలుగు వారాల్లో అయిపోతుంది. ఈ ఒక్క క్రియకే ఏళ్ళ తరబడి విన్నపాలు వేసినా ఎవరికీ అనుమానం రాదు.”

“హెస్టర్ బల్ల దగ్గర ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారు?”

“మిస్ ఇలోనా వరాడీ,” అన్నాడు పెంగెల్లీ. “బుడాపెస్ట్ నుంచి వచ్చిన అమ్మాయి. హెస్టర్ శిష్యురాలు. ఆ బల్ల నుంచి వచ్చిన కాగితమంటే నేను చూడకుండానే సంతకం పెట్టేవాణ్ణి. అంత నమ్మకం.”

కర్నల్ టై సర్దుకున్నాడు. “ఇలోనా మన మనిషే అనుకున్నాను. ఆమెను అక్కడ పెట్టింది నేనే. రేపు హ్రూబీకి దుబాసీగా ఆమె రావాలి.”

“అంటే పడవ సంగతి ఆమెకు మీరే చెప్పారు.”

“పనిమీద చెప్పాను.”

“ఆమె సెంటు వాసన ఈ గదిలో ఇంకా ఉంది సార్.”

కర్నల్ ముఖం తిప్పుకున్నాడు. పెంగెల్లీ గొడుగు వైపు చూశాడు.

“ఆర్డర్లు విను,” అన్నాడు కర్నల్. “ఆమెను ఇప్పుడు పట్టుకుంటే మిగతావాళ్ళు పారిపోతారు. ముఠా మొత్తం రేవుకు రావాలి. హ్రూబీ బతికి ఉండాలి. రెండూ జరగాలి.”

కింద సామగ్రి గదిలో గార్సైడ్‌కు పైపు ఆకారంలో ఉన్న పిస్తోలు, పోర్టర్ టోపీ, పెట్టుడు మీసం ఇచ్చారు. ఆ పైపు అతనికి పాత నేస్తం. ఒక్కటే గుండు పేలుతుంది.

ఆల్డ్‌మెర్ హార్విచ్ దారిలోనే ఉంది. పెంగెల్లీతో పాటు గార్సైడ్ అక్కడ రైలు దిగాడు. శత్రువుకు ఇదివరకు ఏమేం చేరాయో తెలుసుకోకుండా రేవుకు వెళ్ళడం అతని పద్ధతి కాదు. శనివారం మధ్యాహ్నం కాబట్టి నిఘంటువు ఇల్లు ఖాళీగా ఉంది. నేలమాళిగలో పాత పత్రికల కట్టలున్న బీరువా పెంగెల్లీ తెరిచాడు.

“నేను వారం రోజులు కూర్చుని వెతికాను. దొంగ వాక్యాలన్నీ మే నెల నుంచే. హెస్టర్ ఉన్నప్పుడు ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆమె దగ్గర అబద్ధమా.”

గార్సైడ్‌కు గుండెల మీది బరువు దిగినట్టయింది. తనకే తెలియకుండా ఆ బరువు పొద్దుటినుంచీ మోస్తున్నాడు. కృతజ్ఞతతో పాత కట్టల మీద చెయ్యి వేశాడు.

అప్పుడు ఎమిల్ క్రాంట్స్ గుర్తొచ్చాడు.

రెండు శీతాకాలాల కిందట, ఫిబ్రవరిలో, ట్రియెస్ట్‌లో గార్సైడ్ మనిషి ఎమిల్ సరిహద్దు గేటు దగ్గర దొరికిపోయాడు. వెనిగర్ పీపాలో దాగి ఉన్నాడు. దారిలో ఇన్ని పీపాలుండగా వాళ్ళు నేరుగా ఆ పీపా దగ్గరికే వచ్చారు. ఆ ఏర్పాటు గార్సైడ్ ఆఫీసులో కూడా చెప్పలేదు. ఇంట్లో భోజనం చేస్తూ మాత్రం, వెనిగర్ ఆవిరి కళ్ళకు మంచిదేనా అని హెస్టర్‌ను అడిగాడు. తడిగుడ్డ కట్టుకోమని చెప్పండి, పాపం, అంది హెస్టర్.

“ఆ ఫిబ్రవరి కట్ట తియ్యండి.”

పెంగెల్లీ తీశాడు. పేజీ తిరగేసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. ముసలి ముఖం వెలిగింది.

“ఆహా, ఇదా. ఉచ్చు పన్నడం అనే అర్థం కింద. ‘తూర్పు గవిని చెంత పులుపు పీపాలో నక్కకై ఉచ్చు పన్నితిని.’ మూడు వందల ఏళ్ళ కిందటి తోటమాలి పుస్తకం. ఇది నిఖార్సు నాయనా. ఈ వారంలో నేనే లైబ్రరీకి వెళ్ళి పేజీ చూశాను. ఇంత చక్కటి వాక్యం పట్టుకోవడానికి ఎన్నాళ్ళు వెతికిందో.”

గార్సైడ్ ఇంకో నెల అడిగాడు. ఇంకో ఏడాది అడిగాడు. తన మనుషులు దొరికిపోయిన వారాలన్నీ అతనికి కంఠతా వచ్చు. ప్రతి వారం ఆ పేజీలో ఒక వాక్యం ఉంది. చోటు సరిపోయింది, వేళ సరిపోయింది. ప్రతి వాక్యాన్నీ పెంగెల్లీ వేలితో తడిమి, ఇది కూడా నిజమైనదే, ఇది కూడా నిజమైనదే అని మురిసిపోయాడు.

ఇలోనా కల్పించింది, అందుకే దొరికింది. హెస్టర్ కల్పించలేదు. మనిషిని పట్టివ్వవలసి వచ్చినప్పుడు కూడా ఆ సందేశానికి సరిపోయే నిజమైన వాక్యం దొరికేదాకా పాత పుస్తకాలు వెతికింది. ఇంగ్లండులో ఇంకెవరికీ అంత ఓపిక లేదు, అంత చదువూ లేదు. భర్తకు అబద్ధం చెప్పగలిగింది. నిఘంటువుకు చెప్పలేకపోయింది.

ఆ రాత్రులు అతనికి బాగా గుర్తు. దీపం కింద పుస్తకాల మధ్య కూర్చుని ఉండేది. అతను టీ పెట్టి తెచ్చి ఇచ్చేవాడు. దొరికిందా అని అడిగేవాడు. దొరికితే ఆమె కళ్ళు మెరిసేవి. తన మనుషుల్ని చంపిన వాక్యాలకు తనే టీ పెట్టాడు.

“టీ తాగుతావా?” అన్నాడు పెంగెల్లీ.

“వద్దు.”

“నీ ముఖం అదోలా ఉంది నాయనా.”

“బీరువా మూసెయ్యండి. టెలిఫోన్ ఎక్కడుంది?”

హార్విచ్‌లో తెల్లవారేసరికి మంచు రేవంతా కమ్మేసింది. టీ బండి దగ్గర వేపిన పంది మాంసం వాసన. గార్సైడ్ పోర్టర్ టోపీతో, పెట్టుడు మీసంతో, కొంచెం కుంటుతూ తోపుడుబండి నెట్టుకొస్తున్నాడు. రేవు మెట్ల పక్కన ఒక అంబులెన్సు ఆగి ఉంది. దాని దగ్గర తెల్లకోట్లు వేసుకున్న మనుషులు సిగరెట్లు కాలుస్తున్నారు. అంత ఖరీదైన సిగరెట్లు ఏ ఆసుపత్రి వార్డుబాయి కాల్చడు.

ఇలోనా వరాడీ కర్నల్ కారులోనే వచ్చింది. నల్ల బొచ్చుకోటు, ఎర్రటి గ్లోవ్స్. రేవులో పనివాళ్ళందరూ పని ఆపి ఆమె వైపే చూశారు. ఆమె తిన్నగా తోపుడుబండి దగ్గరికి వచ్చింది.

“మీసం బాగుంది మిస్టర్ గార్సైడ్. నడకే బాగాలేదు. మీరు కుంటేటప్పుడు ఎప్పుడూ ఎడమకాలే వాడతారట.”

“ఎవరు చెప్పారు?”

“మీ ఆవిడే. ఆ పైపు ఇలా ఇవ్వండి. ఒక్కసారే పేలుతుందని కూడా చెప్పింది.” ఆమె హ్యాండ్‌బ్యాగు మూతి అతని పక్కటెముకలకు ఆనింది. లోపల ఇనుము గట్టిగా తగిలింది. “బండి మీద చేతులు ఉంచండి. పోర్టర్‌తో మాట్లాడే ఆడదాన్ని ఎవరూ పట్టించుకోరు.”

గార్సైడ్ పైపు ఇచ్చాడు. మంచులోంచి పడవ వచ్చి ఒడ్డును తాకింది. తాళ్ళు విసిరారు.

“మీరు ఆశ్చర్యపోలేదే,” అంది ఇలోనా.

“హెస్టర్ సంగతి నాకు నిన్ననే తెలుసు.”

“ఎలా?”

“నువ్వు పని సరిగ్గా చెయ్యలేదు. ఆమె చేసింది. తేడా కనిపించింది.”

ఇలోనా పెదవి కొరుక్కుంది. “ఆవిడ ఒక్క వాక్యం కోసం నెల రోజులు వెతికేది. నాకంత ఓపిక లేదండీ. మా వాళ్ళకు కావలసింది సందేశం, సాహిత్యం కాదు.”

“ఎందుకు చేసింది?”

“నమ్మింది. కాలేజీ రోజుల నుంచీ మా సిద్ధాంతాన్ని నమ్మింది. పైసా తీసుకోలేదు. ఒకే ఒక్క షరతు పెట్టింది. అది మాత్రం మీకు తెలియదు, పందెం.”

పడవ నుంచి చెక్కవంతెన దించుతున్నారు.

“మీ మీద చెయ్యి పడకూడదు. అదీ షరతు. మీ చుట్టూ ఉన్నవాళ్ళందరూ దొరికారు, మీరు మాత్రం ప్రతిసారీ ఇంటికి తిరిగొచ్చారు. ఎందుకనుకున్నారు? మీ తెలివి అనుకున్నారా? మీకిచ్చిన మెడల్స్ అన్నీ ఆవిడ అడిగి ఇప్పించినవే అనుకోండి. మా వాళ్ళకు మీరు నవ్వులాట. గార్సైడ్ వస్తున్నాడు, దారి వదలండి అనేవాళ్ళు.”

అతని చేతులు బండి కర్ర మీద బిగుసుకున్నాయి. ఆమె అది చూసి తృప్తిపడింది.

చెక్కవంతెన మీద బూడిదరంగు ఓవర్‌కోటు కనిపించింది. టోపీ కళ్ళదాకా లాగి ఉంది, మఫ్లరు ముక్కుదాకా చుట్టి ఉంది. చేతిలో చిన్న సూట్‌కేసు. ఇలోనా గొంతు తీయగా మారింది. చెక్ భాషలో ఏదో పలకరించి, కర్నల్ నేర్పిన కోడ్ మాట ఇంగ్లీషులో కలిపింది.

“వియన్నాలో చెస్ట్‌నట్లు ఇంకా అమ్ముతున్నారా?”

ఓవర్‌కోటు మనిషి దగ్గుతూ, “కాలినవి మాత్రమే,” అన్నాడు. సరైన జవాబు.

తెల్లకోట్లు పరుగున వచ్చారు. పాపం ప్రయాణంలో నీరసించారు, పట్టుకోండి అంటూ అతన్ని చెరో పక్క పట్టి అంబులెన్సులోకి ఎక్కించారు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. రేవు అవతలి చివర జెండా లేని సరుకు ఓడ ఒకటి పొగ వదులుతోంది. తెల్లకోటు ఒకడు సిరంజి తీశాడు. ఇలోనా ఒక కాలు అంబులెన్సు మెట్టు మీద పెట్టి వెనక్కి చూసింది.

“మీ మాట నిలబెట్టుకున్నారు మిస్టర్ గార్సైడ్. హ్రూబీ కోసం రేవులో నిలబడి ఉంటానన్నారట, కర్నల్ చెప్పారు. నిలబడే ఉన్నారు.”

సూది ఓవర్‌కోటు చేతి దాకా వచ్చింది. ఓవర్‌కోటు మనిషి ఆ మణికట్టును పట్టుకున్నాడు. ఎముక విరిగిన చప్పుడు బయటికి వినిపించింది.

“నాకు సూదులంటే చిన్నప్పటి నుంచీ భయం బాబూ,” అన్నాడతను హార్విచ్ యాసలో. మఫ్లరు జారింది. టోపీ తీస్తే బట్టతల. కస్టమ్స్ సార్జెంట్ టాపెన్.

బొగ్గు వ్యాగన్ల తలుపులు తెరుచుకున్నాయి. మనుషులు దూకారు. ఇలోనా హ్యాండ్‌బ్యాగు ఎత్తేలోపు గార్సైడ్ తోపుడుబండిని ఆమె మోకాళ్ళ మీదికి నెట్టాడు. ఆమె పేల్చిన గుండు మంచులోకి పోయింది. ఆమె తడి రాళ్ళ మీద కూలబడింది. సరుకు ఓడ కదలబోయింది. అప్పటికే దాని ముందు నేవీ లాంచీ అడ్డంగా నిలబడి ఉంది.

“హ్రూబీ ఏడీ?” అంది ఆమె, నేల మీదినుంచే.

“పడవ వంటగదిలో. ఇంకా చీకటుండగానే టాపెన్‌ను తీసుకుని పైలట్ బోటులో ఎదురెళ్ళాను. కోటు విప్పి ఇచ్చాడు. ఈ పొద్దున రేవులో నిలబడింది అతనికోసం కాదు, నీకోసం.”

టాపెన్ ఆమెకు బేడీలు వేశాడు. బొచ్చుకోటు మీద బురద అంటింది. మొదటిసారి ఆమె గొంతులో భయం వినిపించింది.

“మిస్టర్ గార్సైడ్, ఆగండి. ఆవిడ చివరి రోజుల్లో ఆసుపత్రిలో నేనే పక్కన ఉన్నాను. మీరు అప్పుడు దేశంలో లేరు. మీకు చెప్పమని ఒక మాట చెప్పింది. అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. కర్నల్‌తో నా గురించి ఒక్క ముక్క మంచిగా చెప్పండి, ఆ మాట మీకు చెబుతాను.”

గార్సైడ్ ఆమె వైపు చూశాడు. సముద్రపు కాకులు అరుస్తున్నాయి. టాపెన్ కూడా ఆగాడు.

“వద్దు,” అన్నాడు గార్సైడ్.

“మీకు వినాలని లేదా?”

“నీ బండి వచ్చింది. ఎక్కు.”

“ఆవిడ మిమ్మల్ని—”

“సార్జెంట్, తలుపు వెయ్యండి.”

తలుపు పడింది. లోపల ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఇంజను చప్పుడులో ఆ మాట కలిసిపోయింది. బండి వెళ్ళిపోయింది.

తర్వాత రైల్వే స్టేషను క్యాంటీన్‌లో కర్నల్ స్టానర్డ్ అతనికి ఎదురుగా కూర్చున్నాడు. షేవింగు చేసుకోలేదు. ఒక్కరోజులో పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు.

“ముఠా మొత్తం దొరికింది. లండన్‌లో పత్రిక చదివే పెద్దమనిషి కూడా. పళ్ళ డాక్టరట. హ్రూబీ ఎలా ఉన్నాడు?”

“వంటవాడు నాలుగు గుడ్లు వేయించి పెట్టాడు. అన్నీ తిన్నాడు. ఇంకా ఉన్నాయా అని అడిగాడు.”

“మంచిది.” కర్నల్ కప్పులో చెంచా తిప్పుతూ ఉండిపోయాడు. పంచదార వెయ్యలేదు. “నేనూ ఆ అమ్మాయిని నమ్మాను గార్సైడ్. మనిద్దరం ఒకే పడవలో ఉన్నాం.”

“కాదు సార్. మీరు సెంటు కొనిచ్చారు. నేను పెళ్ళి చేసుకున్నాను.”

కర్నల్ తల వంచుకున్నాడు. “పెంగెల్లీ ఫోన్ చేశాడు. ఆ క్రియ అచ్చుకు వెళుతోందట. ముందుమాటలో హెస్టర్ పేరు వెయ్యాలని ఉందట. ఆమె సంగతి ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. ఏం చెప్పమంటావు?”

“ఆమె వాక్యాలు ఆయన తీసేస్తాడా?”

“తియ్యడు. అన్నీ నిజమైనవే కదా.”

“మరి ఆయన ఇష్టం. నన్ను అడగనక్కర్లేదు.”

“రిపోర్టులో ఆమె గురించి ఒక అధ్యాయం ఉండాలి. అది నువ్వు తప్ప ఎవరూ రాయలేరు. పోనీ రాయకు, నాకు చెప్పు, నేను రాసుకుంటాను. లోపల పెట్టుకుంటే మనిషివి పాడైపోతావు.”

గార్సైడ్ టీ తాగడం పూర్తి చేశాడు. టోపీ పెట్టుకుని లేచాడు. తలుపు దాకా వెళ్ళేసరికి కర్నల్ వెనకే వచ్చాడు.

“ఒక్క మాట గార్సైడ్. ఆ ఒక్క మాటైనా విని ఉండాల్సింది.”

“నేను పోర్టర్ని సార్,” అన్నాడు గార్సైడ్ వెనక్కి తిరక్కుండా. “సామాను ఉంటే చెప్పండి, మోస్తాను. ఆవిడ సంగతి మాత్రం ఇంకెప్పుడూ నన్ను అడగకండి. చెప్పను.”